ఏడో మనిషి

నరహరి మళ్లీ చెయ్యెత్తాడు.

“చెప్పున్రి సార్,” అంది వినీత, తన విసుగు బయటపడకుండా.

“కమిట్ చేసే ముందు ఏం కొట్టాల్నో మళ్లొక్కసారి చెప్తరా మేడం?”

పొద్దటి నుంచి అడగడం ఇది మూడోసారి.

వారమంతా ఆఫీసు పని. శనివారం ఈ క్లాసు. సిద్దిపేట ఐటీ టవర్‌లోని ఆ చిన్న కంపెనీలో కొత్తగా చేరిన ఆరుగురికి గిట్ నేర్పే పని వినీత నెత్తిన పడింది. పదిమంది ఒకే ప్రోగ్రామ్ మీద చేతులు పెట్టినా, ఎవరు ఎప్పుడు ఏ లైన్ మార్చారో పేరుతో సహా దాచిపెట్టేది గిట్. అలా ఒక్కో మార్పును అందులో దాచడమే కమిట్.

ఆరుగురి వెనక ఏడో మనిషి నరహరి. అరవైకి దగ్గరపడ్డవాడు. ఒక డయాలసిస్ దవాఖాన వాళ్లు పంపారు. ఏ పేషెంటుకు ఏ మిషను ఎప్పుడో వంతులు వేసే వాళ్ల ప్రోగ్రామ్‌ను రెండేళ్లుగా ఈ కంపెనీయే చూసుకుంటోంది. క్లాసులో నేర్పేది కూడా దాని మీదే.

పేర్లు ఎక్కించే గుమాస్తా అయి ఉంటాడనుకుంది వినీత. అడగలేదు.

“అక్కా, గీ ప్రోగ్రామ్ అంత నువ్వే రాసినవా? ఏ లైన్ చూసినా నీ పేరే ఉన్నది,” అన్నాడు ఆరుగురిలో ఒకడైన మహేందర్.

“నేనెందుకు రాస్తరా! పాత కంప్యూటర్ల నుంచి తీసి గిట్‌ల పెట్టింది నేను. గందుకే నా పేరు. రాసినోడు ఎవడో గని, తలకాయ పెట్టి రాయలే.”

క్లాసంతా నవ్వింది. నరహరి తల వంచుకుని నోటుబుక్కులో కమాండ్ రాసుకున్నాడు.

మూడో శనివారం మహేందర్ తను చేసిన మార్పును తెర మీద చూపించాడు.

“అక్కా, ఒక్కో పేషెంటు తర్వాత నలభై నిమిషాలు ఉత్తగనే ఖాళీ పెట్టిన్రు. తీసేసిన. గిప్పుడు మిషనుకు రోజుకు ఇంకొకరు పడతరు.”

నరహరి గబుక్కున లేచాడు. “అది తీయకు బిడ్డా.”

“ఎందుకుంచిన్రో ఏడ గూడ రాసి లేదు గద సార్.”

“రాసి పెట్టాల్సుండె. మేడం, ఒక్క పది నిమిషాలు ఇయ్యున్రి. మొదటి నుంచి అంత...”

“సార్!” వినీత గొంతు పెరిగింది. తెల్లారినప్పటి నుంచి తల పగిలిపోతోంది. “మీకు కమిట్ చేసుడే ఇంకా రాలే. మీతోని వీళ్ల టైము గూడ పోతుంది. వచ్చే వారం నుంచి రాకున్రి. మీ దవాఖానల వయసోళ్లు ఎవరన్న ఉంటే పంపమనున్రి.”



“మంచిది మేడం,” అన్నాడాయన. నోటుబుక్కు చంకలో పెట్టుకుని, కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్లిపోయాడు.

మహేందర్ మార్పును వినీత పైపైన చూసి అసలు ప్రోగ్రామ్‌లో కలిపేసింది. అంతకన్నా చూసే ఓపిక లేదు.

పది రోజులకు, ఆ మార్పు దవాఖాన కంప్యూటర్లకు ఎక్కిన మర్నాడు, మంగళవారం పొద్దున అక్కడి నుంచి ఫోను వచ్చింది. డయాలసిస్ గది చూసుకునే బాలలక్ష్మి.

“మేడం, ఒక పేషెంటును మిషను మీదికెల్లి దించకముందే ఇంకో పేషెంటు టైమొస్తుంది! నడుమ మిషను కడగాలె, మందుతోని శుద్ధి చేయాలె. గా టైమంత ఏడవోయింది?”

వినీత కంప్యూటర్ ముందు కూర్చుంది. గిట్ తెరిచి మహేందర్ మార్పును వెనక్కి తిప్పింది. తీసేసిన లైన్లు ఎక్కడివక్కడికి వచ్చాయి. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

కానీ ఆ రోజు వంతులు అప్పటికే చెదిరిపోయాయి. ఆమె దవాఖానకు పోయేసరికి వరండా నిండా మనుషులు. తెల్లవారుజాము బస్సుకే అక్కన్నపేట నుంచి వచ్చిన లచ్చవ్వ, ఉబ్బిన కాళ్లు బెంచీ మీద చాపుకుని కూర్చుంది.

“నా వంతు ఎప్పుడొస్తది బిడ్డా? ఊపిరాడుత లేదు.”

వినీత ఆమెను లోపలికి నడిపించుకుపోయి, డాక్టరుకు చెప్పి, అప్పుడే శుద్ధి అయిన మిషను దగ్గర పడుకోబెట్టించింది. గొట్టాల్లో రక్తం కదిలేదాకా అక్కడే నిలబడింది.

తర్వాత బాలలక్ష్మి దగ్గరికి వచ్చింది. “నరహరి సార్ ఏడున్నడు? ఆయన చెప్తనే ఉండె, నేనే వినలే. మాఫ్ చేయమని అడగాలె.”

“నెలాఖరుకు రిటైరయిండు గద మేడం.”

వినీత క్లాసు లిస్టులో ఉన్న నంబరుకు ఫోను చేసింది. బాలలక్ష్మి టేబులు సొరుగులో రింగు వినిపించింది.

“గది డ్యూటీ ఫోను. నాకిచ్చి పోయిండు. ఆయన ఊరు వేములఘాట్, మల్లన్నసాగర్ రిజర్వాయర్ల మునిగె. సూరత్‌ల బిడ్డ దగ్గరికి పోతున్న అన్నడు. ఆ బిడ్డ నంబరు మా దగ్గర లేదు.”

“ఈడ ఆయన ఏం పని చేసేటోడు?”

బాలలక్ష్మి ఆమె వంక వింతగా చూసింది.

“మిషన్లు రిపేరు చేసేటోడు. గీ వంతుల ప్రోగ్రామ్ రాసింది గూడ ఆయనే గద మేడం, పోయే ముందు అండ్ల ఏది ఎందుకున్నదో మీకు చెప్పి పోవాలెననే మీ క్లాసుకు వచ్చిండు... చెప్పలేదా?”