మోగే చెయ్యి

డయాలసిస్ కోసం పోలారావు ఎడమచేతి మణికట్టు దగ్గర రక్తనాళాలు రెండు కలిపి కుట్టాక డాక్టరు ఒకటే చెప్పాడు. "అక్కడ చెవి పెడితే గుయ్‌మని మోగుతూ ఉండాలి. ఆగిందంటే వెంటనే వచ్చెయ్యండి."

అప్పట్నించి దమయంతికి అదే జోలపాట. రోజూ రాత్రి మొగుడి మణికట్టు మీద చెవి ఆన్చి, ఆ రొద వింటూ అలాగే నిద్రపోయేది.

కుట్లు ఆరకముందే అతనికి వైరల్ జ్వరం పట్టుకుంది. ఒళ్లంతా కాలిపోతున్నా కుట్టిన చెయ్యి మాత్రం మంచులా చల్లగా ఉండేది. ఇదేం జ్వరమో నర్సుకీ అంతుపట్టలేదు. అయినా చెయ్యి మోగుతూనే ఉంది.

ఈ రాత్రి జ్వరం దిగింది. బయట జీడితోటలో ఆకు కదలడం లేదు. దమయంతి చెవి ఆన్చింది. మణికట్టులో ఏ చప్పుడూ లేదు.

"మావా, లెగు! సెయ్యి మోగట్నేదు. పలాస ఆస్పత్రికి ఎల్దుం."

"ఇనబడతంది కదే, ఎర్రిమొకమా."

నిజమే. గదిలో ఎక్కడో గుయ్‌మంటోంది.

అతను ఆమె చెంప నిమిరి ఉలిక్కిపడ్డాడు. "ఒళ్లు కాలిపోతందేటే నీకు?"

ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. కుట్టూ మచ్చా లేని ఆ మణికట్టు మంచులా ఉంది. రోజూ ఆమె ఆన్చినట్టే మెల్లగా చెవి ఆన్చాడు. గుయ్‌మనే ఆ రొద అక్కణ్నించే వస్తోంది.

"ఏటి మావా?"

"నీ సెయ్యి ఎవులు కుట్టారే?"