ఖాళీగా వదిలిన జవాబు

ఆ అమ్మాయి మళ్ళీ అదే ప్రశ్న వదిలేసింది.

తెలుగు టీచరుకు ఒళ్ళు మండింది. అరవడానికి కూడా ఓపిక లేదు. దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద కట్టలు కట్టలుగా ఉన్నాయి. తల పగిలిపోతోంది.

ప్రశ్నేమీ బ్రహ్మవిద్య కాదు. పాఠంలోని కథలో సవతి తల్లికీ, పిల్లకీ ఉన్న సంబంధాన్ని వివరించాలి. జవాబు టీచరే చెప్పి రాయించింది. 'సవతి తల్లి కఠినాత్మురాలు. తాను కన్నది కాదు గనుక ఆమెకు ఆ పిల్లపై ప్రేమ లేదు.' ఇలా ఒక పేజీ. బట్టీపట్టి దింపేస్తే చాలు. సొంతంగా రాస్తే దిద్దేవాళ్ళు సున్నా చుడతారు. టీచరుకూ ఇది నచ్చదు. కానీ ఏళ్ళ తరబడి ఇదే నడుస్తోంది.

కబురు పెడితే ఆ సాయంత్రమే ఒకావిడ వచ్చింది. కుట్టుపని మధ్యలో లేచొచ్చినట్టుంది, భుజం మీద దారప్పోగులున్నాయి.

"మా అమ్మాయి మీ క్లాసేనండి."

"కూర్చోండమ్మా. ఈ ఒక్క ప్రశ్న రాయకపోతే మీ అమ్మాయి గట్టెక్కదు."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"రోజూ నేనే కూర్చోబెట్టి చదివిస్తున్నానండి. అన్నీ గడగడా అప్పజెబుతుంది. దీని దగ్గరకొచ్చేసరికి నోరు విప్పదు."

"ఏం, ఎందుకని?"

"కథలో ఆవిడ అంత చెడ్డదేం కాదంటుందండి. పిల్లకి జ్వరమొస్తే పక్కనే కూర్చుంది కదా అంటుంది."

టీచరు నిట్టూర్చింది.

"అవన్నీ మనకెందుకమ్మా? మార్కులు కావాలి. మీరు కన్నతల్లి కాబట్టి మీకు ముద్దుగానే ఉంటుంది. సవతి తల్లుల సంగతి మీకేం తెలుసు?"

ఆవిడ తల వంచుకుంది.

"మీరే గట్టిగా చెప్పండి మేడం. ఈసారి తప్పితే వాళ్ళ నాన్న చదువు మాన్పించేస్తానంటున్నాడు."

మర్నాడు టీచరు ఆ అమ్మాయిని స్టాఫ్‌రూములో కూర్చోబెట్టింది. బతిమాలింది. బెదిరించింది. ఏదీ పనిచేయలేదు.

"నీ చదువు ఆగిపోతుందని మీ అమ్మ బెంగపెట్టుకుంది, తెలుసా?" అంది చివరికి.

అమ్మాయి తెల్లకాగితం ముందుకు లాక్కుంది. తర్వాత పెన్ను తీసి రాసింది. ఏడుస్తూనే పేజీ నింపింది. హమ్మయ్య అనుకుంది టీచరు.

పెద్ద పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. అమ్మాయి గట్టెక్కింది.

ఆవిడ పరుగున వచ్చింది. టీచరు ఆ రోజు స్టాఫ్‌రూములో రాయించిన పేపరు తీసి చూపించింది.

"చూడండి, పొల్లు పోకుండా రాసింది."

ఆవిడ ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ చదివింది. 'ప్రేమ లేదు' అన్నచోట వేలు కాస్త ఆగింది.

"బాగా రాసింది మేడం," అంది. నిజంగానే సంతోషపడింది.

"ఇంత బాగా వచ్చిన పిల్ల ఇన్నాళ్ళూ ఎందుకు మొండికేసిందమ్మా?"

ఆవిడ పేపరు జాగ్రత్తగా మడిచి టీచరు చేతికిచ్చింది.

"నేను బాధపడతానని మేడం, పిచ్చిది... నేను ఆ ఇంటికి రెండో భార్యగా వెళ్ళేటప్పటికి దానికింకా మాటలే రావు."