పైపు పట్టుకున్న మనిషి

కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది.

సుజన తల పట్టుకుంది.

గునుపురం పెళ్ళివాళ్ళు సాయంత్రం రిసెప్షన్లో తెర మీద వేసుకోవాల్సిన వీడియో అది. సగం తయారయ్యేసరికి పెట్టె పొయ్యిలా కాగిపోతోంది, దానంతటదే ఆరిపోతోంది. పొద్దుట్నుంచీ ఇదే వరస.

ఆమెకి దొరికిన మొదటి పెద్ద పని. ఇది గానీ చెడితే సోమవారం నుంచి కింద బియ్యం కొట్లో కూర్చోవాల్సిందేనని నాన్న గణపతిరావు తేల్చి చెప్పేశాడు. రాయగడ బజారులో ఆయన మాటంటే మాటే, ఇంట్లో అయితే మరీను.

కొరాపుట్‌లో పాత కంప్యూటర్లు అమ్మే బాపి దగ్గర మొన్ననే తెచ్చుకున్న పెట్టె అది. దానికి సుజన నీళ్ళ వైద్యం మొదలుపెట్టింది.

ఎయిర్ కూలర్లోంచి పీకిన మోటారు, చేపల తొట్టె పైపులు, ఒక రాగి దిమ్మ, తెరుబలి దారిలో పాతసామాన్ల కొట్లో దొరికిన కారు రేడియేటరు. బకెట్లో నీళ్ళని మోటారు తోడుతుంది. అవి రాగి దిమ్మలోంచి పోతూ పెట్టె వేడిని లాక్కుంటాయి, ఫ్యాను ముందున్న రేడియేటర్లో చల్లారి మళ్ళీ బకెట్లో పడతాయి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

తీరా బిగించాక రాగి దిమ్మ దగ్గర పైపు కారుతోంది. ఒక్క చుక్క లోపల పడిందంటే పెళ్ళి వీడియోకి నీళ్ళొదులుకోవడమే.

హార్డ్‌వేర్ కొట్టువాళ్ళు సోములనే ప్లంబరు నెంబరిచ్చారు. ఫోన్ చేస్తే పైపు బిగించే క్లిప్పులు పట్టుకుని ఇదిగో వచ్చేస్తున్నానన్నాడు. ఎంతకీ రాడు. సుజన కిటికీకీ కంప్యూటరుకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

తలుపు చప్పుడైంది.

చేతిసంచీతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"సుజనంటే నువ్వేనా అమ్మి?"

"నేనే. ఎంతసేపు బాబాయ్? రా, ముందిది పట్టుకో."

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పెట్టె వైపే చూస్తూ ఏదో చెప్పబోయాడు.

"అమ్మీ, ఈ మిషను..."

"మిషను సంగతి నేను సూసుకుంటాను. పైపు సంగతి నువ్వు సూడు."

క్లిప్పులేవని అడిగితే తెల్లమొహం వేశాడు. సంచీలో పనిముట్లు కూడా లేవట. ఊళ్ళో కుళాయిలన్నీ ఎందుకు కారుతున్నాయో సుజనకి అప్పుడర్థమైంది. విసుక్కునే టైము కూడా లేదు. చేత్తోనే బిగించి పట్టుకోమంది.

ఆయన రెండు చేతులతో పైపుని పట్టుకున్నాడు. కారడం ఆగింది.

మిషను ఆన్ చేసింది. నీళ్ళు తిరగడం మొదలైంది. వేడి మెల్లిగా దిగుతోంది. సుజనకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆ సంబరం కాసేపే. లోపల ఖాళీ చాలడం లేదని తెర మీద పడింది.

గబగబా వెతికింది. పాతవాళ్ళు వదిలేసిన ఫైళ్ళు ఒక మూల కుప్పగా కనిపించాయి. ఏమిటో చూద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకటి నొక్కింది. ఎవరో అమ్మాయి పాడుతోంది. మధ్యలో తప్పింది, నవ్వింది, 'ఉండండి, మళ్ళీ మొదట్నుంచి' అంది. గొంతు బాగుంది. వినే తీరికెక్కడిది?

అన్నీ కలిపి తుడిచేసింది.

వీడియో మళ్ళీ కదిలింది. ఖాళీ అయిన చోటల్లా పెళ్ళి బాజాలతో నిండిపోతోంది.

అప్పుడు ఆయన మెల్లిగా అడిగాడు.

"ఇందులో పాతవి ఏటైనా మిగిలేయా అమ్మీ?"

"ఒక్కటి నేదు బాబాయ్. ఇప్పుడే తుడిసేసేను. అందుకే సూడు, ఎంత హాయిగా నడుస్తందో."

ఆయన చేతులు వదులయ్యాయి. పైపు దగ్గర ఒక చుక్క ఊరింది. సుజన కంగారుపడి గట్టిగా పట్టుకోమని కసిరింది.

ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

సుజన తల్లి రాజులమ్మ తెచ్చిపెట్టిన టీ పక్కన అలాగే చల్లారిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. వీడియో పూర్తయ్యేదాకా రెండు చేతులూ పైపు మీదే ఉంచి నిలబడ్డాడు.

పంపించింది. అందిందని గునుపురం నుంచి జవాబొచ్చింది.

సుజన ఊపిరి పీల్చుకుని అప్పటికి ఆయన మొహం చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గదిలో ఉక్క అలాంటిది మరి, పాపం అనుకుంది. కూలి ఎంతని అడిగితే వద్దని తలూపాడు.

తడి చేతిని చొక్కాకి తుడుచుకుని, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"సల్లబడిందమ్మి. జాగర్తగా సూసుకో. సాన్నాళ్ళు నడవాల."

సంచీ తీసుకుని దిగి వెళ్ళిపోయాడు.

కూలి పుచ్చుకోని ప్లంబరు కూడా ఉంటాడా ఈ ఊళ్ళో? ఈ వింత నాన్నకి చెప్పాలని సుజన మెట్ల దాకా వెళ్ళిందో లేదో ఫోన్ మోగింది. కంప్యూటరు అమ్మిన బాపి.

"ఆయనొచ్చేరా అమ్మి?"

"ఎవరు, ప్లంబరా? వచ్చేడు. ఇప్పుడే ఎల్లేడు."

"ప్లంబరు కాదమ్మి. ఆదిశేషుగారని, పొద్దున్నే బోరిగుమ్మలో బస్సెక్కేరు. నీకిచ్చిన మిషను ఆళ్ళ అమ్మాయిది. ఆ పిల్ల పోయేక ఇంట్లోవాళ్ళు తెలీక నాకు అమ్మేసేరు. అందులో పిల్ల పాడుకున్న పాటలున్నాయంట, ఒక్కసారి ఇనేసి ఎల్లిపోతానంటే నీ అడ్రసిచ్చేను."