మనిషి రాత

వ్యాసరచన శిక్షణకు వచ్చిన విద్యార్థులంతా వెళ్లిపోయారు. నఫీసా ఒక్కతే మిగిలింది. సొంతంగా రాయగలరని, రాత మనిషిదో కాదో తేల్చే యంత్రం ఒప్పుకుంటే తప్ప విశ్వవిద్యాలయం ఎవరి థీసిస్‌నూ తీసుకోవడం లేదు. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి నఫీసా అక్కడే కూర్చుని రాసిన వ్యాసాన్ని అది తిప్పి పంపింది. ఇంత శుభ్రమైన వాక్యాలు మనిషివి కావట.

"నేనే రాసినా మేడం! మీరు చూస్తానే ఉంటిరి కదా!"

"చూశానమ్మా. నా మాట అది వినదు," అంది శిక్షణ ఇచ్చే వకుళ. "కాస్త చెడగొట్టి రాయి. చెప్పిందే మళ్లీ చెప్పు. అక్కడక్కడా తప్పులు పెట్టు."

నఫీసాకు ఏడుపొచ్చింది. అయినా అలాగే రాసింది. ఈసారి యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. ఆమె ఊపిరి పీల్చుకుని సంచి భుజాన వేసుకుంది.

"ఇంగ నా థీసిస్ ఇయ్యొచ్చునా మేడం?"

వకుళ తల దించుకుంది. "ఇకమీదట నువ్వేం రాసినా ఈ వ్యాసంతోనే పోల్చి చూస్తుందమ్మా. థీసిస్ కూడా ఇలాగే ఉండాలి. రేపు ఉద్యోగంలో చేరినా ఇంతే."

నఫీసా సంచి దించి మళ్లీ కూర్చుంది. నాలుగేళ్లుగా రాసుకున్న థీసిస్ తెరిచి, మొదటి వాక్యాన్ని చెడగొట్టడం మొదలుపెట్టింది.