దీపం పెట్టాక తోడు

భ్రమరాంబ హాల్లో దీపం పెట్టి వత్తి సర్దుతుండగా ఎదురు ఫ్లాటు నళిని చిన్న గాజు సీసా పట్టుకుని వచ్చింది.

"పిన్నిగారూ, మా ఆయనకి జ్వరం దిగట్లేదు. తోడుకి మీ రక్తంలోంచి కాసిని తెల్లకణాలు ఇస్తారా?"

ఏ జ్వరానికీ లొంగని భ్రమరాంబ కణాలంటే తెనాలిలోని ఆ అపార్ట్‌మెంటు మొత్తానికి గురి. అడిగినవాళ్ళకి ఆవిడ ఏనాడూ లేదనలేదు.

"దీపం పెట్టేశాక పెరుగే ఇవ్వం, కణాలెలా ఇస్తానే? లక్ష్మి వెళ్ళిపోదూ?"

"తెల్లారేదాకా ఆగేలా లేరండీ." నళిని సీసా ముందుకు చాపింది.

భ్రమరాంబ గడప వైపు చూసింది. "గడప దాటించి ఇవ్వకూడదు గానీ, ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టకూడదని ఎవరన్నారు? అతన్నే తీసుకురా."

రాఘవులు దుప్పటి కప్పుకుని వచ్చి సోఫాలో కూలబడ్డాడు. భ్రమరాంబ వంటింట్లో గ్రైండరు పక్కనున్న కణాల మిషన్లో వేలు పెట్టింది. అది సన్నటి గొట్టంలో ఒక్కొక్క కణాన్నే చూసి, పనికొచ్చేదాన్ని మెల్లగా సీసాలోకి తోస్తోంది.

"కాస్త స్పీడు పెంచకూడదూ?" అంది నళిని.

"పెంచితే చితికిపోతాయి. నువ్వా పప్పు దించు."

అన్నం ఉడికేసరికి సీసా నిండింది. కణాలు ఎక్కించాక రాఘవులికి చెమటలు పట్టి జ్వరం దిగింది. "వెళ్ళొస్తామండీ" అంటూ లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

భ్రమరాంబ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒంటినిండా మా ఇంటి లక్ష్మిని పెట్టుకుని ఈ వేళప్పుడు గడప దాటుతావా? పడుకో, తెల్లారాక వెళ్దువుగాని."

నళిని వెళ్ళి మొగుడి దిండు తెచ్చింది.