జేబులో లోలకం

అన్నయ్య పోయాక, బంతి కిందికి జారిపోతే ఆట ముగిసే పాత పిన్‌బాల్ మిషన్లు, అవి ఉన్న గది తమ్ముడి చేతికొచ్చాయి. గోడ మీద సుద్దతో రాసిన అన్నయ్య స్కోరు మాత్రం అలాగే ఉంది. దాన్ని నిజంగా దాటినవాడే చెరపాలని వదిన మాట.

ఒక రాత్రి షట్టర్ దించి, అన్నయ్య ఆడే మిషన్ తెరిచాడు. కుదిపితే ఆట ఆపేసే లోలకం ఒకటి లోపల వేలాడుతుంది. దాన్ని విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. బంతి జారబోయినప్పుడల్లా తుంటితో ఒక్క తోపు తోశాడు. స్కోరు దాటింది. తడిగుడ్డతో గోడ తుడుస్తుంటే, చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా తలెత్తలేకపోయాడు.

మేడ మీంచి వదిన అడిగింది. "దాటేశావా?"

"ఆ, వదినా."

"కుదపకుండానే కదా? మీ అన్నయ్య ఎప్పుడూ కుదిపేవారు కాదు."

"కుదపకుండానే," అన్నాడు మెల్లగా.

జేబులో లోలకం ఊగింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గుండెకు తగులుతూ అది ఊగుతూనే ఉంది. దొంగాట పట్టుబడినప్పుడు ఆరినట్టే మిషన్ దీపాలన్నీ ఆరిపోయాయి.

తర్వాత ఆ చీకట్లో మిషన్‌లోని స్కోరు గంటలు మోగడం మొదలైంది, నెమ్మదిగా, ఒక్క కుదుపూ లేకుండా.

"ఇక చాలు, వచ్చి పడుకోండి," అంది వదిన.

ఆమె అతన్ని ఏనాడూ మీరు అనలేదు. ఆ పిలుపు అన్నయ్యకే.