పరదేశపు కోర్టు మెచ్చిన గది

కిటికీ చాల్లేదని గోడ మళ్లీ పగలగొట్టించాడు పెద్ద వార్డరు. ఇది మూడోసారి. ఆ ఖైదు గదికి పట్టిన యోగం ఏ పెళ్లివారి విడిదికీ పట్టి ఉండదు.

రైల్లో బాంబు పెట్టి సముద్రాలు దాటి పారిపోయినవాడు అక్కడెక్కడో పట్టుబడ్డాడు. వాణ్ని అప్పగించమని ఇక్కడి సర్కారు అడిగింది. అడగ్గానే ఇవ్వడానికి అదేమన్నా పొరుగింటి నిచ్చెనా? అక్కడి కోర్టు రెండుసార్లు తలుపేసింది. మీ జైళ్లలో గాలి లేదు, వెలుతురు లేదు, మనిషి ప్రాణానికి పూచీ లేదు, పంపం పొమ్మంది. ఇది ఆఖరి విడత. ఈసారీ గది నచ్చకపోతే వాణ్ని వదిలేస్తారు. వాడు అక్కడే ఏ కొట్టో పెట్టుకుని, దర్జాగా ముసలివాడై, మంచం మీద పోతాడు.

ఆ సంగతి తలుచుకుంటే పెద్ద వార్డరుకు ముద్ద దిగేది కాదు.

శిక్ష పడితే తప్ప ఎవరూ కాలు పెట్టని ఆ జైలుకు, కోరి బదిలీ చేయించుకుని వచ్చిన ఏకైక ప్రాణి అతను. వచ్చి ఏడాదైంది. సొంత సంగతులు ఎత్తడు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే, ఉన్నవాళ్లున్నారు అంటాడు.

గది మీద మాత్రం ప్రాణం పెట్టాడు. మంచం అంచులు ఎక్కడా గీరుకోకుండా గరుకు కాగితంతో తనే రుద్దాడు. ఉరేసుకుంటాడేమోనని పైకప్పు కొక్కెం పీకించాడు. మధ్యాహ్నం పూట ఆ మంచం మీద తనే పడుకుని, ఎండ ఎంతవరకు వస్తుందో చూసుకున్నాడు. దోమ కూడా దరఖాస్తు పెట్టుకుని రావలసినంత చిక్కటి జాలీ కొట్టించాడు.

జైలు వంటాయనకు ఒళ్లు మండింది. పోయినవాళ్లు మూటల్లో ఇళ్లకు చేరారు, చంపినవాడికి పరుపు కావలసి వచ్చిందా అని అందరికీ వినబడేలా సణిగాడు. చివరికి మొహం మీదే అడిగేశాడు.

"కొత్తల్లుడిక్కూడా ఇంత మర్యాద జరగదు బాబాయ్. ఇంతకీ వాడు నీకేమవుతాడు?"

పెద్ద వార్డరు నవ్వలేదు.

"ఇక్కడికొచ్చాక వాడి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదురా. అంతే."

ఆ దెబ్బతో వంటాయన అతనితో మాటలు మానేశాడు. టీ కూడా మడ్డి తేలిందే పోసేవాడు. పెద్ద వార్డరు అదే తాగి మళ్లీ గదిలోకి పోయేవాడు.

అక్కడి కోర్టు పంపగా ఒక అధికారిణి, దుబాసిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలి వంటింట్లో దూరిన అత్తగారిలా మూలమూలా వెతికింది. కిటికీ కొలిచింది. కుళాయి తిప్పింది. మంచం మీద కూర్చుని అటూ ఇటూ కదిలింది. అది కిర్రుమంటే ఒట్టు. జైలరు చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

గది నచ్చింది. కానీ ఆమెకు ఇంకో భయం ఉంది. ఈ గది తాళం, వాడి తిండి, వాడి నిద్ర ఎవరి చేతిలో ఉంటాయి? జైలరు పెద్ద వార్డరును చూపించాడు. పగ ఉన్నవాడి చేతికి ఖైదీని ఇవ్వబోమని, చనిపోయినవాళ్ల తాలూకు మనిషి కాపలాలో ఒక్కడున్నా అప్పగింత చెల్లదని ఆమె దుబాసి చేత చెప్పించింది. రైల్లో పోయినవాళ్ల ఇంటిపేర్లూ కాపలావాళ్ల ఇంటిపేర్లూ పక్కపక్కన పెట్టి స్వయంగా చూసుకుంది. ఒక్కటీ కలవలేదు.

అయినా అనుమానం తీరక పెద్ద వార్డరు వైపు తిరిగి ఏదో అడిగింది.

"వాణ్ని చూస్తే మీకు కోపం రాదా అంటున్నారు," అన్నాడు దుబాసి.

"కోపంతో ఈ ఉద్యోగం సాగదమ్మా. వాడికి కావలసిందంతా నేనే చూసుకుంటాను."

ఆ జవాబు ఆమెకు ఎంతో నచ్చింది. అక్కడికక్కడే సంతకం చేసింది. అతని చెయ్యి పట్టుకుని ఊపి, ఇలాంటి మనిషి చేతిలో పెడుతున్నందుకు నిశ్చింతగా ఉందని చెప్పించింది.

పెళ్లయిన ఆడపిల్ల అత్తవారి ఇంటిపేరుతోనే చచ్చిపోతుందన్న సంగతి ఆమెకు తట్టలేదు, కన్నతండ్రి గుర్తుచేయనూ లేదు.